సగం సీసా

నా భార్య పోయిన నెల చనిపోయింది. విషజ్వరం. కర్నూలులో మా ఇంట్లోనే, పగటి పూట, నేనూ మా అమ్మాయీ పక్కన ఉండగా పోయింది. చెప్పవలసిన వార్త ఇంతే.

ఈ పత్రిక సంపాదకులు ఆమెను గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నేను నాలుగు మాటలు మాట్లాడే మనిషిని కానని ఆయనకు తెలియదు. ఆమెకు తెలుసు. "మా బావ మాటల్ని గూడా మందు మాదిరి కొలిచి పోస్తాడు" అని ఇంటికి వచ్చిన వాళ్లతో చెప్పి నవ్వేది. ఆమె నా మేనమామ కూతురు. కోడుమూరు దగ్గర పల్లెలో ఇద్దరం ఒకే గట్ల మీద తిరిగి పెరిగాం. పెళ్లికి ముందు ఎట్లా పిలిచేదో తర్వాతా అట్లాగే పిలిచింది. నేను బి.ఏ. చదివి కర్నూలులో పంతులునయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు.

ఆమెను ఎరిగిన వాళ్లకు ఆమె తలనొప్పి కూడా తెలుసు. ఎరగని వాళ్ల కోసం దానితోనే మొదలుపెడతాను. మా కాపురంలో అది మూడో మనిషిలాగా ఉండేది. ఎప్పుడు వస్తుందో, ఎన్నాళ్లు ఉంటుందో దాని ఇష్టం.

అది మామూలు తలనొప్పి కాదు. తలలో సగానికే వచ్చేది. ఎక్కువసార్లు ఎడమ పక్క. దానికి మొదటి గుర్తు సంతోషం. నొప్పికి ముందురోజు ఆమెకు ఎక్కడలేని హుషారు వచ్చేది. ఊరగాయ జాడీలన్నీ బయటికి తెచ్చి తుడిచి, వాకిట్లో ఎండలో వరసగా పెట్టేది. దుప్పట్లు ఉతికేది. పక్కింటి వాళ్లను పిలిచి కబుర్లు చెప్పేది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు అది ముచ్చటగా ఉండేది. కొంతకాలానికి సంగతి తెలిసింది. ఆ తర్వాత బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో జాడీలు కనబడితే నా గుండెల్లో రాయి పడేది. మర్నాడు ఆమె చూపు అంచున వెలుగు రంపపు పళ్లలాగా కదిలేది. "పళ్లు కనపడ్తాండాయి బావా" అనేది. ఆ తర్వాత ఇక మాట ఉండదు.

మా నడిమి గదిలో కడప బండలు పరిచి ఉన్నాయి. నల్లనివి, చల్లనివి. నేను పడమటి కిటికీ మూసేవాణ్ణి. ఆమె చాప కూడా వద్దని, బండకు చెంప ఆనించి పడుకునేది. ఒంటి వేడికి ఆ బండ వెచ్చబడితే పక్క బండ మీదికి జరిగేది. అది వెచ్చబడితే ఇంకొకటి. అట్లా గోడ దాకా పోయి, తిరిగి మొదటి బండ దగ్గరికి వచ్చేసరికి అది చల్లబడి ఉండేది. నొప్పి తగ్గి లేచాక జుట్టు ముడి వేసుకుంటూ, "నా చేను దున్నొచ్చినా, ఇంగ బువ్వ పెట్టండి" అనేది.

మా వీధి చివర డాక్టరుగారు ఉన్నారు. మద్రాసులో చదువుకుని వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా ఇంట్లో అందరి ఒంటి సంగతీ ఆయనకు తెలుసు. ఆయన దగ్గరి నుంచి మిక్చరు సీసా వచ్చేది. సీసాకు ఒక పక్కన కాగితాన్ని పళ్లు పళ్లుగా కత్తిరించి అంటించేవాడు కాంపౌండరు. ఒక పన్ను కిందికి దిగితే ఒక మోతాదు.

మా ఎదురింట్లో హకీం సాబు. ఆయన మందు వేరు. వేడి పాలలో జిలేబి నానబెట్టి, సూర్యుడు రాకముందే తినాలి. సగం తలనొప్పి సూర్యుడితో పాటు ఎక్కుతుంది కాబట్టి, సూర్యుడి కంటే ముందు కడుపులో తీపి పడాలని ఆయన లెక్క. డాక్టరుగారేమో తీపి తగదనేవారు. హకీం సాబు డాక్టరుగారి మిక్చరును "ఆ ఉప్పునీళ్లు" అని తీసిపారేసేవారు.

ఇద్దరి మందులూ మా ఇంట్లోకి వచ్చేవి. ఒకరిది వస్తున్నట్టు రెండో వారికి చెప్పేవాళ్లం కాదు. ఇద్దరూ పెద్దవాళ్లు, ఇద్దరూ మా మీద ప్రేమ ఉన్నవాళ్లు, నొచ్చుకుంటారని. డాక్టరుగారు వస్తే మా అమ్మ జిలేబి గిన్నె మీద చేట బోర్లించేది. హకీం సాబు గడప దగ్గర దగ్గితే సీసా బియ్యం డబ్బా వెనక్కి పోయేది. ఈ దాగుడుమూతలు చూసి నా భార్య, "తలకాయ ఒక్కటే బావా. దానికి ఇద్దరు దాయాదులు" అనేది.

ఒకసారి నొప్పి రోజుల తరబడి విడవలేదు. హకీం సాబు స్వయంగా వచ్చి, గడప దగ్గరే నిలబడి, మా అమ్మతో గట్టిగా చెప్పి పోయారు.

"ఇది ఆధాసీసీ, అమ్మా. ఆధాసీసీ! తెల్లారకముందే ఇయ్యల్ల. మరిచిపోవద్దు."

ఆధాసీసీ అంటే ఆయన భాషలో సగం తలనొప్పి. ఆయన చెప్పింది రోగం పేరు. ఇవ్వమన్నది జిలేబి. కానీ కర్నూలు సీమలో ఆధా అంటే సగమని తెలియని వాళ్లు లేరు. ఇక సీసా అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. బియ్యం డబ్బా వెనక ఉన్న సంగతి హకీం సాబుకు తెలిసిపోయిందనీ, తెలిసి కూడా పెద్ద మనసుతో ఒప్పుకున్నాడనీ మా అమ్మ అనుకున్నది. ఆనందపడింది కూడా. తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, కాగితపు పళ్లు ఎంచకుండా సీసాలో సరిగ్గా సగం కోడలికి తాగించింది. ఆ నొప్పిలో నా భార్య ఏమిచ్చినా తాగేది.

తాగి పడుకున్న మనిషి మధ్యాహ్నమైనా లేవలేదు. పిలిస్తే పలకలేదు. నేను డాక్టరుగారి కోసం పరుగెత్తాను. ఆయన వచ్చి, నాడి చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, సీసా అడిగారు.

"ఎంత తాగిచ్చినారమ్మా?"

"సగం సీసా, సామీ."

"సగం సీసానా! ఎవురు చెప్పినారు?"

మా అమ్మ ఎదురింటి వైపు చెయ్యి చూపింది. నాడి బాగానే ఉందని నాకు చెప్పి, డాక్టరుగారు మెడలో గొట్టం అట్లాగే ఉండగా వీధి దాటారు. నేను వెనకాలే పోయాను.

"ఏం సాబూ, నా మందుకు నువ్వు లెక్క చెప్పేదేంది?"

"నీ మందు సంగతి నాకెందుకప్పా? అది ఆ ఇంట్లో ఉండాదనే నాకు తెలీదే!"

"సగం సీసా తాగిచ్చమన్యావంట!"

హకీం సాబు కాసేపు ఆయన మొహం చూశారు. తర్వాత రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. "యా అల్లా! సీసా కాదు డాక్టర్ సాబ్, సీసీ! ఆధాసీసీ! నొప్పి పేరు అది. నేను ఇయ్యమన్యింది జిలేబి."

"జిలేబినా? యాడిది జిలేబి?"

అప్పుడు ఇద్దరూ కలిసి నావైపు చూశారు. నేను నేల చూశాను.

సాయంత్రం దాకా వాళ్లిద్దరూ మా నడిమి గదిలోనే కూర్చున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. నేను జీవితంలో అంత పొడుగైన మధ్యాహ్నం చూడలేదు. పొద్దు వాలుతుండగా ఆమె కళ్లు తెరిచింది. మా అమ్మ ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. నా భార్య మత్తులోనే విన్నది. విని, మెల్లగా అడిగింది.

"నొప్పయితే పోయింది అత్తా. ఇంగో సగం మిగిలుండాదా?"

మొదట నవ్వింది డాక్టరుగారే. తర్వాత హకీం సాబు. మా అమ్మ ఏడుపు ఆపి వాళ్లను తిట్టింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ నొప్పికి సగం సీసా అనే పేరు నిలిచింది. "ఈపొద్దు సగం సీసా వచ్చేట్టుండాది" అనేది. వీధి వీధంతా అదే పేరు పట్టుకుంది.

అదే సాయంత్రం ఆమె లేచి గోడకు ఆనుకుని కూర్చుని ఇంకొక మాట అన్నది. "డాక్టరప్పా, హకీం సాబూ, ఇద్దరూ ఈడనే ఉండారు. ఇంగమీద ఒకరిచ్చింది ఇంగొకరికి చూపిచ్చకుండా నోట్లో ఏసుకోను. ఎవురికన్నా కోపమొస్తే ఇప్పుడే రానీండి."

ఎవరికీ రాలేదు. డాక్టరుగారు మాత్రం, "అట్లయితే జిలేబి గూడా నాకు చూపిచ్చల్ల కదమ్మా. ఒకటి పంపు" అన్నారు. ఆ తర్వాత జిలేబి వచ్చినప్పుడల్లా ఆయనకు ఒకటి పోయేది. పరీక్ష కోసం.

అది ఆమె నియమం అయింది. నోముకు పట్టిన నియమం లాగా పట్టుకున్నది. వీధిలో ఆడవాళ్లు వచ్చి, తమ నొప్పులు చెప్పుకుని, ఏ మందు మంచిదని అడిగేవాళ్లు. ఆమె ఏ మందు పేరూ చెప్పేది కాదు. "ముందర నువ్వు మింగేదంతా ఒక్కరికి చెప్పు. ఎవురికైనా సరే, ఒక్కరికి అంతా చెప్పు" అనేది.

కొన్నేళ్లకు నొప్పి దగ్గర దగ్గరగా రావడం మొదలైంది. బండలు చల్లబడే వ్యవధి ఇవ్వడం లేదు. మద్రాసులో ఇట్లాంటి నొప్పుల సంగతి తెలిసిన పెద్ద డాక్టరు ఒకాయన ఉన్నారనీ, చూపించి రమ్మనీ మా డాక్టరుగారే చెప్పారు. ఆయన ఒక చీటీ రాసి, నొప్పి ఎట్లా ఉంటుందో ఆమెను అడిగి వివరంగా ఇంగ్లీషులో రాసుకుని తీసుకుపొమ్మని ఆ పని నాకు అప్పజెప్పారు.

నేను రాసి ఆమెకు తెలుగులో చదివి వినిపించాను. ఎడమ పక్క తీవ్రమైన నొప్పి, వాంతులు, వెలుతురు సహించదు.

"తీవ్రమంటే?"

"గట్టిది."

"గట్టిది కాదు బావా. అది కొడ్తాది. గుండెకాయ తలకాయలోకి ఎక్కి కూసున్నట్టుంటాది. అట్ల రాయి."

"ఇంగ్లీషులో అట్లా రాయరు."

"వాళ్లకు గుండెకాయలు లేవా?"

అట్లాగే రాశాను. రంపపు పళ్లూ, జాడీలూ కూడా రాయించింది. మద్రాసు డాక్టరుగారు అది చదివి, తల ఎత్తి ఆమె వైపు చూసి, మళ్లీ మొదటినుంచి చదివారు. ఆయన ఆ నొప్పికి ఇంగ్లీషు పేరు చెప్పారు. నేను ఆమెకు చెప్పాను. "పేర్లకేం, మూడు బాసల్లో వచ్చినాయి" అన్నది.

పరీక్ష అయ్యాక నన్ను బయట కూర్చోబెట్టారు. ఆడవాళ్లను అడగవలసినవి అడగడానికి అక్కడ ఒక ఆయా ఉన్నది. అరవం మాట్లాడే మనిషి, తెలుగు కొంచెం కొంచెం. కాసేపటికి నన్ను లోపలికి పిలిచి, చిన్న మాత్రల పెట్టె ఒకటి ఇచ్చారు. కొత్త మందు, పరదేశం నుంచి వచ్చింది. నొప్పి గుర్తు కనబడగానే మింగాలి, ఆలస్యమైతే పని చెయ్యదు అని డాక్టరుగారు నాకు చెప్పారు. పెట్టె నా కోటు జేబులో పెట్టుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి తేలికగా ఊపిరి తీసుకున్నట్టు గుర్తు.

తిరుగు రైల్లో అరక్కోణం దాటిన తర్వాత ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్లు చిట్లించింది.

"పళ్లు కనపడ్తాండాయి బావా."

నేను పెట్టె తెరిచి ఒక మాత్ర అరచేతిలో వేసుకుని చాపాను. ఆమె చూసింది. చూసి, నా వేళ్లు ఒక్కొక్కటే మడిచి మూసేసింది.

"మన డాక్టరు చూడలేదు గదా."

"ఇది పెద్ద డాక్టరు ఇచ్చినది."

"సగం సీసా గూడా పెద్దామె ఇచ్చిందే."

"ఇప్పుడే మింగాలన్నారు. తర్వాత మింగితే లాభం లేదు."

"ఆ మాత్రకు నోరుంటే అది చెప్తాది, యాడికి పోతాదో. నోరు లేదు గదా. ఇంటికి పోనీ."

కోప్పడ్డాను. బతిమాలాను. ఆమె ముందు నేను అన్ని మాటలు మాట్లాడింది ఆ రోజే కాబోలు. ఆమె కిటికీ ఇనప కమ్మీకి కణత ఆనించి కళ్లు మూసుకుంది. కమ్మీ వెచ్చబడితే పక్క కమ్మీకి మారింది. ఎదుటి బల్ల మీద కూర్చున్న బద్వేలు వర్తకుడొకాయన చూడలేక తన తడి తువ్వాలు ఇచ్చాడు. నా జేబులో మందు ఉంది. నా పక్కన మనిషి నొప్పితో ముడుచుకుని ఉంది. రెండింటికీ మధ్య ఆమె మాట ఒక్కటే అడ్డం. బండి కడపలో ఆగినప్పుడు కళ్లు తెరవకుండానే అడిగింది.

"కడపనా బావా? దిగి, ఒక బండ మీద పండుకోని వద్దామా?"

ఇంటికి చేరగానే డాక్టరుగారిని పిలిపించింది. నొప్పి ఇంకా పూర్తిగా విడవలేదు. చీకటి గదిలో గోడకు ఆనుకుని కూర్చుని, "చూపియ్యి బావా" అన్నది. డాక్టరుగారు పెట్టె తీసుకుని కిటికీ సందులో వెలుతురుకు పెట్టి చదివారు. తర్వాత నన్ను కాదు, మా అమ్మను అడిగారు.

"అమ్మా, కోడలు బయట చేరి ఎన్నాళ్లయింది?"

మా అమ్మా నా భార్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రెండో నెల నడుస్తాండాది సామీ. మూడు నిండినాక చెప్పుదామని..."

మాలో మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయట పెట్టరు. అంతకు ముందు ఒకసారి నిలవలేదు. అందుకని ఈసారి మరీ జాగ్రత్తగా దాచారు. ఇంట్లో తెలియనిది నాకొక్కడికే.

"ఒక్కటన్నా మింగినావామ్మా?" అన్నారు డాక్టరుగారు.

"లేదు. మీరు చూడందే ఎట్ల మింగుతా?"

ఆయన పెట్టె మూసి తన సంచిలో వేసుకుని, బండ మీద కూలబడ్డారు. పరదేశాల్లో ఏదో ధాన్యపు కంకికి నల్లటి తెగులు పడుతుందనీ, ఆ తెగులు నుంచి తీసిన మందు ఇదనీ, మంచి మందే గాని గర్భసంచిని బిగించి పిండుతుందనీ చెప్పారు.

"మన సజ్జకు పట్టే తేనెబంక మాదిరా?" అన్నది మా అమ్మ.

"అట్లాంటిదే."

"ఆ కంకి మేస్తే సూడి ఆవు ఈసుకపోతాది" అని మా అమ్మ కోడలిని దగ్గరికి తీసుకుంది.

డాక్టరుగారికి ఒక సంగతి అంతుపట్టలేదు. "ఆయన అడక్కుండా ఇచ్చే మనిషి కాదే. నిన్ను ఏమీ అడగలేదా అమ్మా?"

"ఏమీ అడగలే. ఆ ఆయామె ఒకటడిగె. 'ముళుగామ ఇరుక్కియా' అనె. ముళుగు అంటే మునుగు గదా? స్నానం చెయ్యకుండా వచ్చినావా అంటాదేమని నాకు రోషమొచ్చె. 'పొద్దున్నే నీళ్లు పోసుకునే వచ్చినా' అని చెప్పినా."

మద్రాసులో చదివిన మనిషి కాబట్టి డాక్టరుగారికి అరవం వచ్చు. ఆయన ఆమెను చూశారు. పెదవి బిగబట్టారు. ఆపుకోలేక నవ్వడం మొదలుపెట్టారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వారు.

"అరవంలో, స్నానం చెయ్యకుండా ఉండావా అంటే బిడ్డను మోస్తాండావా అని అర్థమమ్మా. నెలనెలా చేసే తలస్నానం తప్పిందా అని. నువ్వు చేసినా అన్యావు. కడుపు లేదనుకున్యారు."

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మన వైపు ఆడవాళ్లు ఏమంటారో చదివేవాళ్లకు తెలుసు. కడుపుతో ఉంటే, ఆమె నీళ్లు పోసుకుంది అంటాం. అరవంలో పోసుకోకపోతే కడుపు. తెలుగులో పోసుకుంటే కడుపు.

నా భార్య ఆలోచించింది. "అయితే నేను నిజమే చెప్పినా గదా?"

"నిజమే చెప్పినావు. తెలుగులో."

"మరి నాదేం తప్పుండాది" అని చెంప బండకు ఆనించి పడుకుంది. కాసేపటికి ఆ చీకట్లోనే ఆమె భుజాలు కదలడం చూసి నొప్పి పెరిగిందని దగ్గరికి పోయాను. నవ్వుతున్నది.

డాక్టరుగారు మద్రాసుకు రాశారు. జరిగిందంతా, ఆయా మాటతో సహా. మద్రాసు డాక్టరుగారు మర్యాదగా జవాబిచ్చారు. బిడ్డ పుట్టేదాకా ఆ మాత్ర ముట్టవద్దనీ, ఇకమీద తెలుగు ఆడవాళ్లను ఆ ప్రశ్న వేరే మాటలతో అడిగిస్తామనీ రాశారు. అప్పటినుంచి ఆయన మద్రాసులో ఏమన్నా మా డాక్టరుగారికి తెలిసేది. మా డాక్టరుగారు మార్చింది ఆయనకు తెలిసేది. హకీం సాబు వీధి దాటి వచ్చి, "మద్రాసు ఆయన జిలేబి గురించి ఏమన్యాడు?" అని అడిగేవారు. ఆ సంగతి కూడా ఒకసారి రాయించింది ఆమె. వేడి పాలలో అయితే ఒకటి పరవాలేదని జవాబు వచ్చింది. హకీం సాబు ఆ ముక్క నాచేత చాలాసార్లు చదివించుకున్నారు.

నెలలు నిండేకొద్దీ నొప్పి రావడం తగ్గింది. చివరి నెలల్లో అసలు రాలేదు. జాడీలు లోపలే ఉన్నాయి. జిలేబి వల్ల అన్నారు హకీం సాబు. విశ్రాంతి వల్ల అన్నారు మా డాక్టరుగారు. తాను రాసి ఇచ్చిన కళ్లద్దాల వల్ల కావచ్చునని మద్రాసు డాక్టరుగారు రాశారు. ఆమె ఆ అద్దాలు పెట్టుకున్నదే లేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని, "ముగ్గురూ కాదు. లోపల్నుంచి ఎవురో కిటికీ మూసినారు" అనేది.

అమ్మాయి పుట్టింది. పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది మా అమ్మ. ఆ తర్వాత డాక్టరుగారు. ఆ తర్వాత హకీం సాబు వచ్చి చెవిలో ఏదో దీవెన చదివి, తేనె నాకిస్తానన్నారు. నా భార్య మంచం మీద నుంచి, "డాక్టరప్పకు చూపిచ్చినావా సాబూ?" అన్నది.

తర్వాతి ఏళ్లలో నొప్పి మళ్లీ వచ్చింది. ఆ మాత్రలు వాడింది, మేలు కూడా చేశాయి. పెట్టె మాత్రం డాక్టరుగారి దగ్గరే ఉండేది. యుద్ధం వచ్చాక మాత్రలు రావడం ఆగిపోయింది. చక్కెర దొరకక జిలేబీ ఆగింది. బండలు మిగిలాయి. ఆమె దేన్ని గురించీ ఫిర్యాదు చెయ్యలేదు. నేను బడి నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో కిటికీ తానే మూసుకుని, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లు మూసుకునే కథలు చెప్పేది. ఒక బండ మీద మొదలైన కథ నాలుగో బండ మీద ముగిసేది.

ఈ జ్వరంలో చివరి రోజుల్లో డాక్టరుగారు పొద్దునా సాయంత్రం వచ్చేవారు. హకీం సాబుకు ఇప్పుడు నడక కష్టం. అయినా మనవడి భుజం పట్టుకుని వచ్చి కూర్చునేవారు. చివరి ఉదయం డాక్టరుగారు అలవాటు కొద్దీ అడిగారు. "తల నొస్తాండాదా అమ్మా?"

"లేదు డాక్టరప్పా. అది నాకంటే ముందరే పోయినట్టుండాది."

అందరి ముందూ ఆమె మాట్లాడిన పూర్తి మాట అదే ఆఖరు. నాతో ఇంకొకటి అన్నది. అది నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ మొన్న ఒకటి జరిగింది.

బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో ఊరగాయ జాడీలు ఎండలో వరసగా ఉన్నాయి. తుడిచి, మూతలు పక్కన పెట్టి. నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. మా అమ్మకు ఇప్పుడు చూపు ఆనదు. అరుగు మీద కూర్చుని నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి, "నీ బిడ్డే పెట్టింది నాయనా. పొద్దున్నుంచి ఒకటే హుషారు. తల్లి పోయినాక ఈపొద్దే నవ్వడం ఇన్యా" అన్నది. సంతోషంగానే అన్నది. లోపల అమ్మాయి దుప్పట్లు ఉతుకుతూ ఏదో కూనిరాగం తీస్తున్నది.

జాడీలు ఒక్కొక్కటే లోపలికి చేరవేశాను.

మర్నాడు మధ్యాహ్నం వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. ఎడమ అరచెయ్యి ఎడమ కంటి మీద ఉంది.

"నాయనా, కంటి అంచున ఏందో రంపం పళ్ల మాదిరి కదుల్తాండాది." కుర్చీ చెయ్యి పట్టుకుని అడిగింది. "ఇది సగం సీసానా?"

"అవును."

డాక్టరుగారికీ, హకీం సాబుకూ ఇద్దరికీ కబురు పంపాను. ఒకరికి పంపినట్టు ఇంకొకరికి తెలిసేట్టుగానే పంపాను. పడమటి కిటికీ మూశాను. చాప తెస్తుంటే అమ్మాయి వద్దన్నది. ఎవరూ చెప్పకుండానే బండకు చెంప ఆనించి పడుకుంది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి తల ఎత్తకుండా మెల్లగా పక్క బండ మీదికి జరిగింది.

వదిలిన బండ మీద చెయ్యి పెట్టాను. ఇంకా వెచ్చగా ఉంది.